మెడ కింద బిళ్లలు కట్టిన కుక్కకి ముందు సన్నసూది, ఆ తర్వాతే స్టెరాయిడ్

"ఏవండీ, మా లియోకి దవడ కింద రెండు పక్కలా బిళ్లలు కట్టాయండి. జ్వరం లేదు, తిండి బానే తింటన్నాడు. ఓ ఇంజక్షన్ చేసేత్తే తగ్గిపోద్దాండి?"

భీమవరమైనా, తణుకైనా, అమలాపురమైనా కుక్కల లింఫోమా కథ దాదాపు ఇలాగే మొదలవుతుంది. ఆ చేసే ఇంజక్షన్ చాలాసార్లు డెక్సామెథాసోన్. లేదంటే వారానికి సరిపడా ప్రెడ్నిసొలోన్ మాత్రలు. రెండూ స్టెరాయిడ్లే. బిళ్ల కట్టిందంటే బిళ్ల వేసెయ్యడం మనకి అలవాటు. రెండు రోజుల్లో వాపు సగానికి సగం దిగిపోతుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కొన్ని వారాలకి అవే గడ్డలు నిమ్మకాయంత అయి తిరిగొస్తాయి. ఈసారి స్టెరాయిడ్ పెద్దగా పట్టదు, తర్వాత ఇచ్చే అసలు మందులు కూడా పట్టాల్సినంత పట్టవు.

కారణం తెలిస్తే ఈ పొరపాటు జరగదు. లింఫోమా అంటే రక్తంలోని లింఫోసైట్ కణాలకి వచ్చే క్యాన్సర్. స్టెరాయిడ్ ఆ కణాలని చంపుతుంది, కాబట్టి గడ్డ తగ్గుతుంది. అయితే అన్నిటినీ చంపదు. బతికిన కణాలు లోపలికొచ్చిన మందుని బయటికి తోసేసే ఒక ప్రొటీన్‌ని ఎక్కువగా తయారుచేసుకుంటాయి. పి-గ్లైకోప్రొటీన్ అంటారు దాన్ని. విన్‌క్రిస్టిన్, డాక్సోరూబిసిన్ లాంటి ముఖ్యమైన మందులని కూడా ఆ తోడే మోటారే బయటికి పంపేస్తుంది. ఇక రెండో నష్టం, స్టెరాయిడ్ పడిన గడ్డలోంచి సన్నసూదితో కణాలు తీసి గాజు స్లైడు మీద పరిచి చూసినా ఎవరూ గట్టిగా ఏమీ చెప్పలేరు. జబ్బేదో తేలదు, కానీ మందుకి మొండికేస్తుంది.

ఎక్కడ తడమాలి

కుక్కల్లో వచ్చే లింఫోమాల్లో నూటికి 80 వరకూ ఒంటి మీది లింఫ్ గ్రంథులన్నీ ఉబ్బే రకమే, అందుకే చేత్తో తెలుస్తుంది. దవడ మూల కింద, భుజం ముందు, చంకలో, గజ్జల్లో, వెనకకాలి మోకాలి వెనకాల చూడండి. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో చంకవీ గజ్జలవీ సాధారణంగా చేతికి తగలవు. మోకాలి వెనకది శనగగింజంతో, పెద్ద కుక్కలో కాస్త ఎక్కువగానో ఉంటుంది. లింఫోమాలో అది ఉసిరికాయంత, నిమ్మకాయంత అవుతుంది. గట్టిగా రబ్బరు బంతిలా ఉంటుంది, వేళ్ల మధ్య జారుతుంది, నొక్కినా కుక్క మూలగదు. నొప్పి లేకపోవడమే ఇక్కడ అనుమానించాల్సిన సంగతి. నొప్పి పుట్టే గడ్డని అందరూ పట్టించుకుంటారు, నొప్పి లేనిదాన్నే నెల రోజులు వదిలేస్తారు.

దవడ కింద తడిమేటప్పుడు ఒక జాగ్రత్త. గ్రంథి పక్కనే కాస్త వెనగ్గా లాలాజల గ్రంథి ఉంటుంది, మెత్తగా ముడులు ముడులుగా. దాన్ని చూసి కంగారుపడేవాళ్లున్నారు, దానిలోనే సూది గుచ్చి "ఏమీ లేదు" అని రిపోర్టు తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు.

వెనకకాలు వాచి, వేలితో నొక్కితే గుంట పడుతుంటే గజ్జల్లో గ్రంథి మూసుకుపోయిందేమో చూడాలి. మన వైపు కాలు వాస్తే ముందు బోదకాలే గుర్తొస్తుంది, కుక్క విషయంలో మాత్రం ముందు గజ్జలు తడమండి.

లింఫోమా ఎక్కువగా నడివయసు దాటిన కుక్కల్లో వస్తుంది. గోల్డెన్ రిట్రీవర్, బాక్సర్, రాట్‌వీలర్, బుల్‌మాస్టిఫ్ జాతుల్లో మరీ ఎక్కువ. లాబ్రడార్లలోనూ చూస్తాం, ఊరకుక్కలకీ వస్తుంది. అంటుజబ్బు కాదు, పక్క కుక్కకి గానీ పిల్లలకి గానీ సోకదు. వరిచేలో కొట్టే 2,4-డి కలుపు మందు వల్ల వస్తుందా అని అడుగుతుంటారు. 1991లో అమెరికా పరిశోధకులు సంబంధం ఉందన్నారు, అదే సమాచారాన్ని తర్వాత మళ్లీ లెక్కగట్టినవాళ్లు అంత బలంగా కనపడలేదన్నారు. మందు కొట్టిన రోజు గట్ల మీదకి కుక్కని వదలకపోవడం మాత్రం ఎలాగైనా మంచిదే.

పిడుదుల జ్వరంతో తికమక

డెల్టాలో అసలు చిక్కు ఇక్కడే. పిడుదులనండి, గోమార్లనండి, సంవత్సరం పొడుగునా ఉండే తేమకి అవి కుక్కని వదలవు. అవి ఎక్కించే ఎర్లీకియా క్రిమి కూడా గ్రంథులని ఉబ్బిస్తుంది, ప్లీహాన్ని పెంచుతుంది, ప్లేట్‌లెట్లని పడేస్తుంది. కాబట్టి గ్రంథులు వాచిన ప్రతి కుక్కా క్యాన్సర్ కుక్క కాదు. పిడుదుల జ్వరంలో గ్రంథులు ఒక మోస్తరుగానే వాస్తాయి, జ్వరమో, ముక్కు నుంచి రక్తమో, పాలిపోయిన చిగుళ్లో తోడుంటాయి. లింఫోమా కుక్క మొదట్లో పెరుగన్నం శుభ్రంగా తింటూ, తోక ఊపుతూ, మెడ మాత్రం లావై కనపడుతుంది. పట్టీ బిగుతయిందని బయటపడే కేసులే ఎక్కువ.

ఈ గుర్తులు నూటికి నూరు పాళ్లు నమ్మదగ్గవి కావు. రెండు జబ్బులూ ఒకే కుక్కలో ఉండొచ్చు కూడా. అందుకని రక్తపు స్మియర్, ఎర్లీకియా కిట్ పరీక్ష లేదా పీసీఆర్ చేయించండి. డాక్సీసైక్లిన్ కిలోకి 10 మి.గ్రా. చొప్పున రోజూ, 28 రోజులు. స్లైడు రిపోర్టు వచ్చేలోగా ఇది మొదలుపెట్టినా లింఫోమా నిర్ధారణకి అడ్డం రాదు. అడ్డొచ్చేది డాక్సీతో కలిపి "వాపుకి" అని రాసే ప్రెడ్నిసొలోనే. ఎర్లీకియా వల్ల ప్లేట్‌లెట్లు మరీ పడిపోయినప్పుడు స్టెరాయిడ్ అవసరం పడే సందర్భాలున్నాయి, నిజమే. అప్పుడైనా గ్రంథులు పెద్దవిగా ఉంటే ముందు సూది వేసి రెండు స్లైడులు తీసి పక్కన పెట్టడానికి పట్టేది పది నిమిషాలు.

ఆ పది నిమిషాలు

కావలసినవి 22 లేదా 23 గేజ్ సూది (నల్ల మూతదో నీలం మూతదో), 5 మి.లీ. సిరంజి, ఆరు శుభ్రమైన గాజు స్లైడులు, పెన్సిలు. మత్తు అక్కర్లేదు. గ్రంథి ఎంచుకునేటప్పుడు దవడ కిందది వీలైతే మానెయ్యండి. పళ్ల గార, చిగుళ్ల వాపు ఉన్న ఏ కుక్కలోనైనా అది ఉబ్బే ఉంటుంది, స్లైడు తప్పుదోవ పట్టిస్తుంది. మోకాలి వెనకది మేలు, తర్వాత భుజం ముందుది. రెండు వేరు వేరు గ్రంథుల నుంచి తియ్యాలి. మరీ పెద్దగా ఉబ్బినదాని నడిబొడ్డున కణాలు చచ్చిపోయి ఉంటాయి, అంచు వైపు గుచ్చాలి.

ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలి మధ్య గ్రంథిని కదలకుండా పట్టుకుని, సిరంజి లేకుండా ఉత్త సూదినే లోపలికి దింపి, వడ్రంగిపిట్ట పొడిచినట్టు అయిదారుసార్లు కొద్దికొద్దిగా దిశ మారుస్తూ ఆడించాలి. బయటికి తీయకూడదు. పిస్టన్ లాగి పీల్చనక్కర్లేదు, పీలిస్తే రక్తమే ఎక్కువొస్తుంది, కణాలు చితుకుతాయి. సూది తీశాక, ముందే గాలి నింపి ఉంచుకున్న సిరంజి తగిలించి ఒక్క ఊపున స్లైడు మీదకి కొట్టాలి. చిన్న చుక్క, ఆవగింజంత పడుతుంది. దాని మీద రెండో స్లైడు అడ్డంగా పెట్టి, దాని బరువుకే పరుచుకోనిచ్చి మెల్లగా పక్కకి జార్చాలి. వేలితో నొక్కారా, పని చెడింది. లింఫ్ కణాలు చాలా సున్నితం, నొక్కితే దారపు పోగుల్లా సాగిపోతాయి, ఏ పాథాలజిస్టూ వాటిని చదవలేరు. పనికిరాని స్లైడుల్లో ఎక్కువ భాగం పాడయ్యేది సూది దగ్గర కాదు, ఈ జార్చే దగ్గరే.

ఆరబెట్టడం వేసవిలో సమస్య కాదు. శ్రావణ మాసపు ముసురులో మాత్రం స్లైడు నెమ్మదిగా ఆరి కణాలు కుంచించుకుపోతాయి. ఫ్యాను కింద వెంటనే ఊపండి, హెయిర్ డ్రైయర్ ఉంటే చల్లగాలి పెట్టండి. ఆరిన స్లైడుని టేబుల్ మీద మూత లేకుండా వదిలేస్తే ఈగలూ బొద్దింకలూ తినేస్తాయి. నమ్మరు గానీ, మధ్యలో గుండ్రంగా ఖాళీ ఉన్న స్లైడు ల్యాబుకి చేరడం మామూలే. మెథనాల్‌లో ముంచి తీస్తే ఆ బెడద పోతుంది. రెండింటికి లీష్‌మన్ లేదా జీమ్సా రంగు వేసి చూసి, మిగిలినవి రంగు వేయకుండా పంపాలి. ఫార్మలిన్ సీసా ఉన్న పెట్టెలో స్లైడులు పెట్టి కొరియర్ చెయ్యకండి, మూత బిగించినా సరే. ఆ ఆవిరికి కణాలు తర్వాత రంగు పట్టవు.

సూక్ష్మదర్శినిలో చూసేవాళ్లకి కొలబద్ద ఎర్ర రక్తకణమే. మామూలు గ్రంథిలో ఎక్కువ భాగం చిన్న లింఫోసైట్లుంటాయి. లింఫోమాలో కణాల్లో సగానికి మించి పెద్దవే. కేంద్రకం రెండు ఎర్రకణాలు పక్కపక్కన పెట్టినంత లేదా ఇంకా ఎక్కువ, లోపల న్యూక్లియోలస్ అనే చుక్క స్పష్టంగా, చుట్టూ ముదురు నీలి అంచు, మధ్యమధ్య విభజన జరుగుతున్న కణాలు. ఇలా ఒకేరకం పెద్ద కణాలు కనపడితే చాలావరకు అక్కడితో తేలినట్టే. పెద్దవీ చిన్నవీ ప్లాస్మా కణాలూ కలిసి కనపడితే అది ఏదో ఇన్ఫెక్షన్‌కి స్పందిస్తున్న గ్రంథి. చిన్న కణాలే నిండి ఉండి గ్రంథులు నెలల తరబడి పెద్దగానే ఉంటే స్లైడు చాలదు, ఒక గ్రంథిని మొత్తంగా తీసి బయాప్సీకి పంపాలి. నెమ్మది రకం లింఫోమాలు అలాగే ఉంటాయి. ముఖ్యంగా టి-జోన్ అనే రకం కుక్కలు పెద్దగా చికిత్స లేకుండానే రెండేళ్లు దాటి బతుకుతాయి, వాటికి తొందరపడి బలమైన కీమో ఎక్కించడం తప్పు.

బి యా, టి యా, ఎంత దూరం పాకింది

తేలాక తర్వాతి ప్రశ్న, బి కణాలదా టి కణాలదా. టి రకం మొండిది, మందుకి లొంగినా త్వరగా తిరగబెడుతుంది. దీనికి బయాప్సీ ముక్క మీద సీడీ3, సీడీ20, పాక్స్5 గుర్తుల పరీక్ష, లేదా ఫ్లో సైటోమెట్రీ కావాలి. మన ఊళ్లలో దొరికేవి కావు, పెద్ద నగరాలకి పంపాలి. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లేవాళ్లు స్లైడులు, రక్తం రిపోర్టులు, పాత చీటీలు అన్నీ పట్టుకెళ్లండి. ముఖ్యంగా ఇంతకుముందు ఏ ఇంజక్షన్ పడిందో రాసున్న చీటీ. "ఏదో తెల్ల మందండి" అంటే ఎవరికీ ఉపయోగం లేదు.

దశల లెక్క చిన్నది. ఒక గ్రంథి అయితే 1, ఒకే ప్రాంతంలోవి కొన్ని అయితే 2, ఒళ్లంతా గ్రంథులు 3, కాలేయమో ప్లీహమో కలిస్తే 4, రక్తంలోకో ఎముక మజ్జలోకో మరో అవయవంలోకో పాకితే 5. మనకి దొరికేసరికి చాలా కుక్కలు 3, 4 దశలకి చేరే ఉంటాయి, దానికి కుంగిపోనక్కర్లేదు. దశ కంటే కుక్క హుషారుగా ఉందా నీరసించిందా అన్నదే ఫలితాన్ని ఎక్కువగా తేలుస్తుంది. రక్తకణాల లెక్క, కాలేయానికి ఏఎల్‌టీ, కిడ్నీలకి క్రియాటినిన్, ప్రొటీన్, ఛాతీ ఎక్స్‌రే, కడుపు స్కానింగ్ ఉంటే చికిత్స మొదలుపెట్టడానికి సరిపోతుంది.

వీటితోపాటు కాల్షియం పరీక్ష తప్పకుండా చేయించాలి. కొన్ని లింఫోమాలు, ఎక్కువగా టి రకం, రక్తంలో కాల్షియాన్ని పెంచే పదార్థాన్ని వదులుతాయి. కుక్క బిందెలు ఖాళీ చేస్తుంది, మూత్రం ఆగదు, వాంతులు, మలబద్ధకం. రోహిణి కార్తెలో అయితే "ఎండలకి దాహం" అని సరిపెట్టుకుంటాం. అందుకే కొలవండి. ఉదయం లీటరు జగ్గుతో పోసి, మర్నాడు ఉదయం మిగిలింది తీసెయ్యండి. రోజుకి కిలో బరువుకి 100 మి.లీ. దాటితే, అంటే 25 కిలోల లాబ్ రెండున్నర లీటర్లకి మించి తాగితే, అది ఎండ దాహం కాకపోవచ్చు. కాల్షియం డెసీలీటరుకి 12 మి.గ్రా. దాటితే కిడ్నీలు దెబ్బతినొచ్చు, ముందు సెలైన్ ఎక్కించాలి. ఎముకల బలానికని ఇంట్లో పోస్తున్న కాల్షియం సిరప్, విటమిన్ డి చుక్కలు ఆ రోజే ఆపెయ్యాలి.

చాప్

అన్ని పద్ధతుల్లోకీ మంచి ఫలితం ఇచ్చేది చాప్. నాలుగు మందుల కలయిక, 19 వారాలు, 16 మోతాదులు. మొదటి వారం విన్‌క్రిస్టిన్ నరంలోకి, రెండో వారం సైక్లోఫాస్ఫమైడ్, మూడో వారం మళ్లీ విన్‌క్రిస్టిన్, నాలుగో వారం డాక్సోరూబిసిన్, అయిదో వారం సెలవు. ఇలా నాలుగుసార్లు. వీటితో ప్రెడ్నిసొలోన్ మొదటి వారం రోజుకి కిలోకి 2 మి.గ్రా., రెండో వారం ఒకటిన్నర, మూడో వారం 1, నాలుగో వారం అర, తర్వాత ఆపెయ్యడం. ఇందాకటి నుంచి తిడుతున్న స్టెరాయిడ్‌కి కూర్చోవాల్సిన చోటు ఇదీ.

మోతాదు లెక్క కిలోలతో కాదు, ఒంటి వైశాల్యంతో. బరువుని వర్గం చేసి, దాని ఘనమూలం తీసి, 0.101తో గుణిస్తే చదరపు మీటర్లు వస్తాయి. 25 కిలోలకి 0.86. విన్‌క్రిస్టిన్ చదరపు మీటరుకి 0.7 మి.గ్రా. చొప్పున 0.6 మి.గ్రా., సీసాలో మి.లీ.కి 1 మి.గ్రా. ఉంటుంది కాబట్టి 0.6 మి.లీ. సైక్లోఫాస్ఫమైడ్ 250 చొప్పున 215 మి.గ్రా. వస్తుంది. ఎండాక్సాన్ 50 మి.గ్రా. మాత్రలని విరగ్గొట్టకూడదు గనక నాలుగు మాత్రలు, 200. డాక్సోరూబిసిన్ 30 చొప్పున 26 మి.గ్రా., మి.లీ.కి 2 మి.గ్రా. లెక్కన 13 మి.లీ.

చిన్న కుక్కల దగ్గర ఈ సూత్రం మోసం చేస్తుంది. 8 కిలోల పగ్‌కి వైశాల్యం 0.4, లెక్క ప్రకారం డాక్సోరూబిసిన్ 12 మి.గ్రా. అది ఎక్కువ. 15 కిలోల లోపు వాటికి కిలోకి 1 మి.గ్రా. చొప్పున 8 మి.గ్రా. మాత్రమే. చదరపు మీటరు అంకెని కిలో అంకె అనుకుని ఇస్తే కుక్క దక్కదు. కాగితం మీద ఇద్దరు వేరువేరుగా లెక్కేసి, సరిపోయాకే సిరంజిలోకి తీయాలి.

విన్‌క్రిస్టిన్ మన పశువైద్యులకి కొత్త మందేం కాదు. ఊరకుక్కల మర్మాంగాల దగ్గర వచ్చే అంటు కణితికి వారం వారం చేసేది ఇదే. ఆ చెయ్యి తిరిగినవాళ్లకి ఇక్కడ కొత్తగా నేర్చుకోవాల్సింది డాక్సోరూబిసిన్ గురించే. దాన్ని నార్మల్ సెలైన్‌లో కలిపి 20 నుంచి 30 నిమిషాలు నెమ్మదిగా ఎక్కించాలి, అలర్జీ రాకుండా ముందు ఎవిల్ ఇవ్వాలి. తొందరపడి తోస్తే తల వాపు, దద్దుర్లు, గుండె లయ తప్పడం. రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ తగిలితే ఈ మందు గడ్డకడుతుంది, నరంలో పెట్టిన క్యాన్యులాని సెలైన్‌తోనే కడగాలి. మొత్తం మీద చదరపు మీటరుకి 180 మి.గ్రా. దాటితే గుండె కండరం పాడవుతుంది. చాప్‌లో నాలుగుసార్లకి 120 అవుతుంది గనక సాధారణంగా హద్దులోనే ఉంటాం. డాబర్‌మన్, బాక్సర్, గ్రేట్ డేన్‌లకి మాత్రం ముందు గుండె స్కానింగ్ (ఎకో) తీయించాలి. కోలీ జాతులకి జన్యులోపం వల్ల ఈ మందులు తట్టుకునే శక్తి తక్కువ, పరీక్ష లేకుండా మొదలుపెట్టకూడదు.

నరం బయటికి మందు కారడం ఇందులో అన్నిటికంటే చెడ్డ ప్రమాదం. డాక్సోరూబిసిన్ కారితే చర్మం, కండ కుళ్లి ఎముక దాకా పుండవుతుంది. అందుకే ఒక్క పోటుతో పడిన కొత్త క్యాన్యులా మాత్రమే వాడాలి. రెండోసారి అదే నరంలో కింద గుచ్చితే పై చిల్లులోంచి కారుతుంది. 10 మి.లీ. సెలైన్ తోసి ఉబ్బలేదని చూశాకే మందు. పరీక్షల రక్తం మెడ నరంలోంచి తీసుకుని, కాళ్ల నరాలు కీమోకి దాచుకోవాలి. ఏ వారం ఏ కాలో ఫైలులో రాసుకోవాలి. కారిందంటే సూది తీయకుండా ముందు వీలైనంత వెనక్కి పీల్చాలి. ఆ తర్వాత విన్‌క్రిస్టిన్‌కి వేడి కాపడం, డాక్సోరూబిసిన్‌కి ఐసు. రెండూ తారుమారు చేస్తే నష్టం పెరుగుతుంది. డాక్సోరూబిసిన్‌కి డెక్స్‌రజోక్సేన్ అనే విరుగుడుంది, గంటల్లోనే పడాలి, కాబట్టి ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కుని ఉంచాలి.

విన్‌క్రిస్టిన్, డాక్సోరూబిసిన్ ద్రావణం రెండూ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. విజయవాడలోనో రాజమండ్రిలోనో కొని మే నెలలో బస్సెక్కితే చేతిసంచిలో ఉడికిపోతాయి. రొయ్యల పుణ్యమా అని మన దగ్గర థర్మాకోల్ పెట్టెలకి కొదవలేదు. శుభ్రమైనది ఒకటి తీసుకుని అడుగున ఐస్ జెల్ ప్యాకు, పైన మడతపెట్టిన తువ్వాలు, దాని మీద కాగితంలో చుట్టిన సీసా. రొయ్యల్ని పెట్టినట్టు ఐసు ముక్కల్లో పాతిపెడితే గడ్డకట్టి మందు చెడిపోతుంది.

లెక్క పడిపోయే వారం

ప్రతి మోతాదు రోజు ఉదయం రక్తం లెక్క చూడాలి. మనుషుల ల్యాబులో ఇస్తే కుక్క రక్తమని చెప్పండి. మిషను ఇచ్చే శాతాలు నమ్మకుండా స్మియర్ మీద చేత్తో లెక్కించమనండి, ప్లేట్‌లెట్లు గుంపులు కట్టాయేమో చూడమనండి. తెల్లకణాలు 4,000, అందులో క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ 35 శాతం అనుకోండి, 1,400. అది 1,500 లోపు గనక ఆ రోజు మందు లేదు, వారం ఆగాలి. ప్లేట్‌లెట్లు 75,000 లోపున్నా అంతే. ఒక వారం ఆలస్యమైతే వచ్చే నష్టం తక్కువ, పడిపోయిన లెక్క మీద మందు పడితే కుక్కే పోవచ్చు.

మందు పడ్డాక ఏడో రోజుకీ పదో రోజుకీ మధ్య లెక్క అట్టడుగున ఉంటుంది. ఆ రోజుల్లో రెండు పూటలా డిజిటల్ థర్మామీటరుతో మలద్వారంలో జ్వరం చూడండి. కుక్కకి 101 నుంచి 102.5 మామూలు. 103 దాటితే, నీడలో అరగంట పడుకున్నాక కూడా దిగకపోతే, రాత్రి పదైనా సరే ఆసుపత్రికే. పారాసిటమాల్ వేయకండి, కుక్క కాలేయానికి ప్రమాదం, పైగా జ్వరాన్ని కప్పేస్తుంది. న్యూట్రోఫిల్స్ 1,000 లోపు పడి జ్వరం కూడా ఉంటే నరంలోకి యాంటిబయాటిక్స్, సెలైన్ కావాలి. వేళకి వస్తే రెండు మూడు రోజుల్లో చాలావరకు తేరుకుంటాయి.

ఈ రోజుల్లో పచ్చి చేపల తలకాయలు, చికెన్ కొట్టు వ్యర్థాలు పెట్టకండి, ఉడికించినదే పెట్టండి. కాలువలో ఈతలూ వద్దు, వరిచేల నీళ్లలో ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరా ఉంటుంది.

సైక్లోఫాస్ఫమైడ్ పొద్దున్నే ఇవ్వాలి, మూత్రం ఎక్కువ పోయించే ఫ్రూసెమైడ్‌తో కలిపి. నీళ్లు ఎదురుగా ఉంచి గంటకోసారి బయటికి తిప్పాలి. మందు మూత్రసంచిలో నిలవుంటే గోడని కాల్చేసి రక్తం పడుతుంది. అలా పడితే ఆ మందు ఆ కుక్కకి మళ్లీ ఇవ్వకూడదు, క్లోరాంబుసిల్‌కి మారాలి. వాంతులకి మారోపిటెంట్ లేదా ఆన్‌డాన్‌సెట్రాన్. డాక్సోరూబిసిన్ తర్వాత మూడు నాలుగు రోజులకి విరేచనాలు మామూలే. జుట్టు గురించి బెంగ వద్దు. షీజూ, పూడిల్‌లకి ఊడుతుంది, లాబ్‌కి మీసాలు రాలితే రాలొచ్చు.

మందు పడ్డాక మూడు రోజులు కుక్క మూత్రం, మలం, వాంతి చేతికి తొడుగుతోనే శుభ్రం చేయాలి. డాక్సోరూబిసిన్ రోజు మూత్రం ఎర్రగా రావచ్చు, అది రక్తం కాదు, మందు రంగు. మలాన్ని మరుగుదొడ్డిలో పోసి నీళ్లు కొట్టండి. పెంటకుప్పలో వేయకండి, కాలువ గట్టున వదలకండి. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు ఆ మూడు రోజులు ఈ పనులకి దూరంగా ఉండాలి. మాత్రని రోట్లో నూరి అన్నంలో కలపడం అసలే వద్దు. ఉడికించిన ముల్లు లేని చేపముక్కలో పొదిగి పెడితే ఏ కుక్కా కాదనదు. జీవ టీకాలు (బతికున్న క్రిమితో చేసేవి) చికిత్స అయ్యేదాకా ఆపాలి.

చాప్ కుదరకపోతే

కుదరనివాళ్లే ఎక్కువ. గోదావరికి వరదొస్తే లంక గ్రామాల నుంచి పంటు దాటి వారం వారం రావడం ఎవరి తరం? అలాంటప్పుడు డాక్సోరూబిసిన్ ఒక్కటే మూడు వారాలకోసారి అయిదు మోతాదులు మంచి మధ్యేమార్గం. మొత్తం చదరపు మీటరుకి 150 మి.గ్రా. దాకా వెళ్తుంది, గుండె మీద కన్నేసి ఉంచాలి. సైక్లోఫాస్ఫమైడ్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసొలోన్ మూడూ కలిపిన కాప్ కూడా ఉంది, చెయ్యి తిరిగిన మందులతోనే అయిపోతుంది.

ఆశ ఎంత పెట్టుకోవాలో అంకెల్లోనే చెప్పాలి. ఏ మందూ లేకపోతే కుక్క బతికేది నెల, నెలన్నర. ప్రెడ్నిసొలోన్ ఒక్కటే అయితే నెల, రెండు నెలలు. డాక్సోరూబిసిన్ ఒక్కటైనా, కాప్ అయినా సుమారు అర్ధ సంవత్సరం, కొన్నిటికి ఇంకొంచెం. చాప్‌తో బి రకానికి సుమారు ఏడాది, నాలుగైదింటిలో ఒకటి రెండేళ్లు చూస్తుంది. టి రకానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు. పూర్తిగా నయమయ్యేవి అరుదు. ఇక్కడ కీమో ఉద్దేశం నయం చేయడం కాదు, ఉన్నన్నాళ్లు కుక్క కుక్కలా ఉండటం. మనుషుల కీమోతో పోలిస్తే మోతాదులు అందుకే తక్కువ పెడతారు. మందుల ఖరీదు కంటే పరీక్షలు, ప్రయాణాల ఖర్చే నెమ్మదిగా పెరుగుతుంది, మొదటి రోజే లెక్క వేసుకోండి. సగంలో ఆపే చాప్ కంటే చివరిదాకా నడిచే చిన్న పద్ధతి మేలు. లక్ష్మణఫలం ఆకుల కషాయం అడిగేవాళ్లకి ఒక్క మాట. కడియం నర్సరీలో మొక్క కొనుక్కుని పండు హాయిగా తినండి, కుక్క లింఫోమాకి అది మందు కాదు.

నిజంగానే ఏమీ కుదరదని తేల్చుకున్నాక, అప్పుడు ప్రెడ్నిసొలోన్ ఒక్కటే ఇవ్వడంలో తప్పు లేదు. కిలోకి 2 మి.గ్రా.తో మొదలుపెట్టి వారం రెండు వారాల్లో 1కి దించాలి. ఆకలి, దాహం పెరుగుతాయి, ఇల్లంతా మూత్రం పోస్తుంది, తిట్టకండి. ఒక్కటి గుర్తుంచుకోవాలి. రెండు వారాలు స్టెరాయిడ్ వాడి "ఇప్పుడు కీమో చేయిద్దాం" అనుకుంటే, మొదటి రోజు చేయించినంత ఫలితం రాదు.

చికిత్సలో ఉన్నా ముగిసినా వారానికోసారి మోకాలి వెనక గ్రంథిని కొలిచి మిల్లీమీటర్లలో రాయండి. తిరగబెట్టడం అక్కడే ముందు తెలుస్తుంది. చాప్ అయిపోయాక చాలా నెలలకి వస్తే మళ్లీ చాప్‌కే లొంగొచ్చు. మధ్యలోనే వస్తే లోముస్టిన్, చదరపు మీటరుకి 60 నుంచి 70 మి.గ్రా. నోటి ద్వారా, మూడు వారాలకోసారి. దానికి తెల్లకణాలు బాగా పడతాయి, కాలేయం దెబ్బతింటుంది, ప్రతి మోతాదుకి ముందు ఏఎల్‌టీ చూడాలి. ఈ రెండో విడత మందులతో కలిసొచ్చేది సాధారణంగా రెండు మూడు నెలలే. తిండి మానేసి, లేవలేక, ఊపిరికి కష్టపడుతుంటే మెర్సీ కిల్లింగ్ గురించి డాక్టరు గారిని మీరే అడగండి, చాలామంది డాక్టర్లు తమంతట తాము ఎత్తరు.

కుక్క పోయాక ఇంట్లో మిగిలిన ఎండాక్సాన్, లోముస్టిన్ మాత్రలని జ్వరం మాత్రల డబ్బాలో వదిలెయ్యకండి. పాత సీసాలో వేసి మూత బిగించి, పైన పేరు రాసి, మందు ఎక్కించిన ఆసుపత్రికే తిరిగి ఇచ్చెయ్యండి. వాళ్ల ఆసుపత్రి వ్యర్థాలతో పాటు కాల్చడానికి వెళ్తాయి.